మెరక, నడిమి, పల్లం: డెల్టా చేల సారం కొలిచే ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

వాలు అనగానే మెట్టప్రాంతం గుర్తొస్తుంది. అక్కడ వాన పైమట్టిని కోసుకెళ్ళి కిందిచేలో పోస్తుంది. పైచేను పలచబడుతుంది, కిందిచేను బలుస్తుంది. గోదావరి డెల్టాలో ఈ లెక్క కుదరదు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల కిలోమీటరుకు సుమారు జానెడు చొప్పున దిగుతుంది, అంతే. మట్టి కొట్టుకుపోవడానికి ఆ వాలు చాలదు. అయినా ఒకే ఊళ్ళో, ఒకే కాలువ కింద, ఒకే విత్తనం వేసిన రెండు చేలు రెండు రకాలుగా పండుతాయి. ఒకదానికి యూరియా ఎంత వేసినా ఆకు పసుపు తిరుగుతుంది. పక్కదానిలో అదే యూరియాకి పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది.

ఈ తేడా నదికి అడ్డంగా ఉన్న వాలులోంచి వస్తుంది. పూర్వం ఏరు పొంగి పొర్లినప్పుడల్లా బరువైన ఇసుక, గరప (ఇసుక కలిసిన తేలిక మట్టి) ఒడ్డు పక్కనే దిగబడ్డాయి. సన్నటి బంకమట్టి నీటితో పాటు దూరం పోయి పల్లంలో పేరుకుంది. అందుకే గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల పక్కన నేల మెరక, పాయల నడుమ పల్లం. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట కింద కాలువలు మెరకల వెంట సాగాయి, మురుగు కాలువలు పల్లాల వెంట సాగాయి. కాలువ దగ్గర బయలుదేరి మురుగు కాలువ దాకా నడిస్తే ఆ ఊరి వాలు మొత్తం నడిచినట్టే.

డెల్టాలో ఎత్తు పనిచేసేది నీటి ద్వారా. నీళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయి, ఎంత తొందరగా ఇంకుతాయి, అడుగున ఉప్పునీరు ఎంత లోతున ఉంది అన్న మూడింటినీ ఆ మీటరు, మీటరున్నర తేడాయే నిర్ణయిస్తుంది. ఆ నేలలో ఏం పండిస్తున్నాం, ఏం తీసేస్తున్నాం అన్నది దాని తర్వాతి సంగతి. మెరక మట్టీ పల్లం మట్టీ కలిపి ఒకే సంచిలో పరీక్షకి పంపితే వచ్చే భూసార కార్డు ఏ చేనుకీ పనికిరాదన్నది ఈ పనికి మూలం.

ఏప్రిల్: గీత ఎంచుకోవడం

గౌతమి ఏటిగట్టు దగ్గర మొదలై ఉప్పలగుప్తం వైపు, సముద్రం దిశగా సాగే గీత తీసుకున్నాం. దాని మీద ఐదు మెట్లు: ఏటిగట్టు లోపలి లంక, గట్టు వెలుపలి మెరక, నడిమి చేలు, మురుగు కాలువ పక్క పల్లం, తీరం దగ్గర ఇసుక దిబ్బలూ వాటి మధ్య పల్లాలూ.

ఇక్కడే అసలు చిక్కుంది. మెరక మీద కొబ్బరి, అరటి ఉంటాయి. పల్లంలో వరి ఉంటుంది. తీరంలో రొయ్యల చెరువు ఉంటుంది. ఇలా ఎత్తూ పంటా జంటగా నడుస్తుంటే, కొబ్బరితోటలో కనపడిన గుణం కొబ్బరి వల్ల వచ్చిందా, మెరక వల్ల వచ్చిందా అన్నది తేలదు. మెరక తోటనీ పల్లపు వరినీ పక్కపక్కన పెట్టి, వరి నేలకి మంచిదనో కొబ్బరి మంచిదనో చెప్పేసే పోలికలు ఈ కారణంగానే నిలబడవు.

దీనికి మందు, జంట విడిపోయిన చేలని వెతకడమే. మెరక మీద ఎత్తిపోతతో వరి వేస్తున్న చేను ఒకటి కావాలి. పల్లంలో బోదెలు తవ్వి, ఆ మట్టితో గట్లు పోసి కొబ్బరి పెట్టిన తోట ఒకటి కావాలి. ఒకే సర్వే నంబరులో సగం చెరువుగా, సగం వరిగా ఉన్న కమతం దొరికితే అంతకన్నా మంచి పోలిక ఉండదు. ఒకప్పుడు అది ఒకే మట్టి, విడిపోయింది వాడకంలోనే. ప్రతి మెట్టు మీదా కనీసం రెండు వాడకాలు, ఒక్కో వాడకానికి కనీసం మూడు చేలు అని నియమం పెట్టుకున్నాం. మూడు లేకపోతే ఒక రైతు అలవాటు ఆ వాడకం గుణంలా కనపడుతుంది. ఒకాయన ఏటా పశువుల ఎరువు తోలతాడు, పక్కాయన గడ్డి కూడా అమ్మేస్తాడు. అందుకని ప్రతి చేనుకీ ఓ చిన్న కాగితం రాసి పెట్టాలి: గత ఐదేళ్ళ పంటలు, గడ్డి ఏమైంది, మట్టి అమ్మారా, చేను చదును చేశారా, చెరువు ఎప్పుడు తవ్వారు, ఎరువుల బస్తాలు ఎన్ని. మట్టి నమూనా ఎంత ముఖ్యమో ఈ కాగితం అంత ముఖ్యం.

ఏప్రిల్, రెండో సగం: ఎత్తు కొలవడం

ఫోను చూపించే ఎత్తు ఇక్కడ పనికిరాదు. ఉపగ్రహ పటాల్లో ఉచితంగా దొరికే ఎత్తుల్లోనూ తప్పు మీటర్లలోనే ఉంటుంది. మనం వెతికే తేడా మొత్తమే మీటరున్నర కనక కొలతలో తప్పు సెంటీమీటర్లలోకి దిగాలి.

పక్కపక్క చేలకి తాపీమేస్త్రీలు వాడే నీటి గొట్టం చాలు. 8 నుంచి 10 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న తేటగొట్టం 20 మీటర్లు, రెండు చివర్లకీ మీటరు కర్రలు. నీళ్ళలో చిటికెడు రంగు కలిపితే మట్టం కంటికి ఆనుతుంది. పంపుకి పట్టి నింపితే బుడగలు చేరతాయి. బకెట్టులోంచి ఒక చివర నోటితో లాగి, బుడగ పోయేదాకా నీరు పారనివ్వాలి. గొట్టం సగం ఎండలో, సగం చెట్టునీడలో ఉన్నా మట్టం మారుతుంది. ఉదయం తొమ్మిదిలోపు ఈ పని ముగించడం మేలు.

కిలోమీటర్ల గీతకి గొట్టం సరిపోదు. 20 మీటర్ల గెంతు ఒక్కోదానిలో నాలుగైదు మిల్లీమీటర్ల తేడా వచ్చినా పోగుపడుతుంది. సర్వేవాళ్ళ దగ్గర ఆటోలెవెల్ (ఎత్తు తేడా చూసే దుర్బిణి) అద్దెకు తీసుకుని, వెనక కర్రకి చూసే చూపూ ముందు కర్రకి చూసే చూపూ సమానదూరంలో, 30 నుంచి 40 మీటర్లకి మించకుండా పెట్టాలి. దూరాలు సమానంగా ఉంటే పరికరంలో ఉన్న కొద్దిపాటి వంకర దానంతట అదే కొట్టేసుకుపోతుంది. బయలుదేరినచోటికే తిరిగొచ్చి చుట్టు మూయాలి. మొదటి ఎత్తుకీ తిరిగొచ్చాక అక్కడే వచ్చిన ఎత్తుకీ ఉన్న తేడాయే మూసే తేడా. మామూలు పనికి మూసే తేడా, కిలోమీటర్ల వర్గమూలాన్ని 24తో హెచ్చిస్తే వచ్చే మిల్లీమీటర్లకి లోపు ఉండాలి. రెండు కిలోమీటర్ల చుట్టుకి అది 34 మిల్లీమీటర్లు. మించితే ఆ చుట్టు మళ్ళీ చెయ్యాలి. ఎత్తులన్నీ ఒకే గుర్తు నుంచి లెక్కకట్టాలి. కాలువ లాకు మీదో తూము మీదో కదలని రాతి గుర్తు ఒకటి ఎంచుకుంటే వచ్చే ఏడాదీ అక్కడే మొదలుపెట్టొచ్చు.

ఒక చేను లోపలి ఎగుడుదిగుళ్ళకి సార్వా (ఖరీఫ్) నీళ్ళే పరికరం. గాలి లేని పొద్దున, నీరు పెట్టడం ఆపాక, పది మీటర్లకోచోట కర్రస్కేలు దింపి లోతు చదవాలి. దమ్ము చేసి మట్టి దిగాక చదివితే సరైన లెక్క వస్తుంది.

మే: మట్టి తీయడం

దాళ్వా (రబీ) కోతలు అయ్యాక, కాలువలకి మళ్ళీ నీరు వదిలేలోపు ఉన్న వారాలే దీనికి సమయం. అప్పుడు ఉప్పు పైకి తేలి ఉంటుంది, ఎరువుల ప్రభావం తగ్గి ఉంటుంది, చేలో కాలు పెట్టొచ్చు.

చేనుకి ఎనిమిది నుంచి పదిచోట్ల, వంకరటింకరగా నడుస్తూ, పారతో 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, ఒక పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా రెండు సెంటీమీటర్ల మందం ముక్క తీయాలి. గట్ల పక్క, బోదె పక్క, చెట్ల నీడ, ఎరువు కుప్ప వేసినచోటు, కోతయంత్రం గడ్డి కుప్పగా వదిలినచోటు వదిలెయ్యాలి. అన్నీ కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలోకి తేవాలి. నీడలో ఆరబెట్టి, కొయ్య సుత్తితో నలిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. చీటీ పెన్సిలుతో రాయాలి, పెన్ను సిరా చెమ్మకి అలుక్కుపోతుంది.

ఇందులో చెడేవి నాలుగున్నాయి. మొదటిది బకెట్టు. జింకు పూత ఉన్న రేకు బకెట్టులో మట్టి కలిపితే జింకు ఎక్కువగా వస్తుంది, లోపం ఉన్న చేను కూడా బాగున్నట్టు కనపడుతుంది. ప్లాస్టిక్ తొట్టే వాడాలి. రెండోది యూరియా సంచి: దాని మీద ఆరబెట్టిన మట్టి నత్రజని లెక్కకి పనికిరాదు. మూడోది నెర్రెలు. మేలో పల్లపు రేగడి చెయ్యి దూరేంత పగులుతుంది, పైమట్టి అందులోకి జారుతుంది. నెర్రె పక్కన కాకుండా, రెండు నెర్రెల మధ్య గడ్డ నడిమి నుంచి తియ్యాలి. నాలుగోది తెల్లటి ఉప్పుపొర. దాన్ని మామూలు మట్టితో కలిపేస్తే చేనంతా ఉప్పే అనిపిస్తుంది, గీకి పారేస్తే ఉప్పే లేదనిపిస్తుంది. పొరని విడిగా ఒక సంచిలో, దాని కింది మట్టిని మరో సంచిలో తియ్యాలి.

వరికి 0–15, 15–30 సెంటీమీటర్లు. కొబ్బరికి చెట్టు చుట్టూ 1.8 మీటర్ల వ్యాసార్ధం ఉన్న పళ్ళెం (ఎరువు వేసే గుండ్రటి పాదు) లోపల 0–30, 30–60, 60–90. పళ్ళెం బయట, వరుసల మధ్య ఇంకో జత. ఎరువంతా పళ్ళెంలోనే పడుతుంది గనక ఈ రెండింటి తేడా చూస్తే తప్ప తోట నేల సంగతి తెలియదు. చెరువు పక్క వరిచేలో కట్ట నుంచి 2, 5, 10, 20, 40 మీటర్ల దూరాల్లో, ఉప్పునీటి ఊట ఎంత దూరం పోయిందో చూడటానికి.

మట్టి బిగువు, అంటే ఘనసెంటీమీటరుకి ఎన్ని గ్రాముల మట్టి ఉందన్నది కూడా కొలవాలి. 5 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉక్కు ఉంగరం 98 ఘనసెంటీమీటర్లు పడుతుంది. దాన్ని దింపి, నిండిన మట్టిని 105 డిగ్రీల వద్ద 24 గంటలు ఆరబెట్టి తూచడమే. అయితే రేగడి ఎండితే ముడుచుకుంటుంది, తడిస్తే ఉబ్బుతుంది. మేలో కొలిచిన బిగువునీ డిసెంబరులో కొలిచినదాన్నీ పోల్చకూడదు. అన్ని చేలకీ ఒకే చెమ్మలో, నీరు తీసిన రెండు మూడు రోజులకి కొలిస్తేనే అర్థం ఉంటుంది. 15 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య, ఏళ్ళ తరబడి దమ్ముతో ఏర్పడిన గట్టి పొర ఉంగరం దింపుతుంటేనే చేతికి తెలుస్తుంది.

మే చివర: పీహెచ్, ఈసీ

పీహెచ్ మట్టి ఆమ్లమా క్షారమా చెబుతుంది. ఈసీ అంటే విద్యుత్ వాహకత, అది ఉప్పు ఎంతుందో చెబుతుంది. ఈ రెండూ ఊళ్ళోనే చూడొచ్చు. 20 గ్రాముల మట్టి, 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, అరగంట అప్పుడప్పుడూ కలపడం. కలిపిన వెంటనే పీహెచ్, తేరాక పైనీటిలో ఈసీ. పీహెచ్ మీటరుని 7.0, 9.2 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో) సరిచూడాలి. డెల్టా మట్టి క్షారం వైపే ఉంటుంది, 4.0తో సరిచూస్తే ఉపయోగం తక్కువ. ఈసీ మీటరుకి 0.01 మోలార్ పొటాషియం క్లోరైడు ద్రావణం 25 డిగ్రీల వద్ద మీటరుకి 1.41 డెసీసీమెన్లు చూపాలి. మే ఎండకి నీరు 38 డిగ్రీలుంటే, సవరణ లేని మీటరు డిగ్రీకి సుమారు రెండు శాతం ఎక్కువ చూపిస్తుంది.

ఒక జాగ్రత్త. ఈ పద్ధతిలో వచ్చిన ఈసీ వేరు, పుస్తకాల్లో 4 దాటితే ఉప్పునేల అని చెప్పే ఈసీ వేరు. ఆ 4 అన్నది మట్టిని ముద్దచేసి పిండిన నీటిలో కొలిచేది. వరి దిగుబడి ఆ కొలతలో 3 దాటాక, ఒక్కో యూనిట్‌కి సుమారు 12 శాతం చొప్పున పడిపోతుంది. 1:2.5 (20 గ్రాములకి 50 మిల్లీలీటర్ల) నీటిలో ఉప్పు పలచబడి ఉంటుంది గనక అక్కడ 1.5 వచ్చినా ముద్దనీటిలో 4 దాటి ఉండొచ్చు. అనుమానం ఉన్న నమూనాలు ముద్దపద్ధతికి పంపాలి.

జాడీలో మట్టి, నీళ్ళు కుదిపి ఇసుక, ఒండ్రు, బంక విడదీసే పరీక్ష ఇక్కడ ఒకచోట మోసం చేస్తుంది. ఉప్పున్న మట్టిలో బంక రేణువులు ముద్దకట్టి గబగబా దిగిపోతాయి, బంకమట్టి కాస్తా ఒండ్రులా కనపడుతుంది. తీరపు నమూనాల్ని ముందు డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడు సార్లు కడిగి, ఈసీ తగ్గాక, బంకని విడదీసే సోడియం హెక్సామెటాఫాస్ఫేటు కలిపి చెయ్యాలి.

జూన్: ప్రయోగశాల అంకెలు

సేంద్రియ కర్బనం డైక్రోమేట్ పద్ధతిలో, అంటే కర్బనం ఎంత డైక్రోమేట్‌ని ఖర్చుచేసిందో లెక్కకట్టి చూస్తారు. తీరపు మట్టిలో క్లోరైడు కూడా డైక్రోమేట్‌ని తినేస్తుంది. లేని కర్బనం ఉన్నట్టు వస్తుంది. ఉప్పు నమూనాలకి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో సిల్వర్ సల్ఫేటు కలిపి చెయ్యమని చీటీ మీద ముందే రాసి పంపాలి. పల్లం మట్టిని తడిగా పంపితే అందులో ఉన్న ఫెర్రస్ ఇనుము కూడా ఇదే పని చేస్తుంది, అందుకే బాగా ఆరాలి. రొయ్యల చెరువు అడుగు మట్టిలో కర్బనం ఎక్కువ వచ్చిందని సంబరపడేముందు ఈ రెండూ అడగాలి.

అంకె చదవడంలో ఇంకో గందరగోళం యూనిట్లది. కార్డు మీద భాస్వరం హెక్టారుకి 20 కిలోలు అని ఉంటే, అది భాస్వరమా, భాస్వరం పెంటాక్సైడా? మొదటిదాన్ని 2.29తో హెచ్చిస్తే రెండోది. పొటాషియం నుంచి పొటాష్‌కి 1.2. హెక్టారుని ఎకరానికి మార్చడానికి 2.47తో భాగించాలి. తక్కువ, ఎక్కువ అనే హద్దు గీతలు ఇవి: కర్బనం 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. లభ్య నత్రజని హెక్టారుకి 280 కిలోల లోపు తక్కువ, 560 దాటితే ఎక్కువ. ఓల్సన్ పద్ధతిలో కొలిచిన భాస్వరం హెక్టారుకి 10 కిలోల లోపు తక్కువ, 25 దాటితే ఎక్కువ. జింకు 0.6 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.6 భాగం) కన్నా తక్కువైతే లోపం.

మెట్లవారీగా ఏం కనపడింది

లంకలో వరద ఒండ్రు పడిన ఏడాదికీ పడని ఏడాదికీ పోలికే లేదు. 2022 జూలై లాంటి వరద ఒకచోట సన్నటి ఒండ్రు పరిస్తే, వంద మీటర్ల అవతల ఇసుక మేట వేస్తుంది. కాబట్టి లంక నమూనాలకి సగటు కట్టలేదు. ఏటిగట్టు వెలుపల ఆ ఒండ్రు ఇక రాదు. అక్కడి సారం పూర్వం వచ్చినదే, మనం తిరిగిస్తే తప్ప పెరగదు.

మెరక గరపలో కర్బనం తక్కువ గీతకి అటూఇటూ, పొటాష్ పల్లం కంటే స్పష్టంగా తక్కువ. ఇంకేనీరు నత్రజనిని, పొటాష్‌ని వేరు కిందికి దింపేస్తుంది. పట్టి ఉంచే బంక తక్కువ. మెరక వరిలో అదే ఎత్తున్న కొబ్బరితోట కన్నా కర్బనం తక్కువ ఉన్నచోట్ల కాగితం చూస్తే, గడ్డంతా పాడి కోసం బయటికి పోతోంది. వరి పీల్చిన పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాదు, గడ్డిలో ఉంటుంది. గడ్డి అమ్మిన ప్రతి లారీతో పొటాష్ పోతుంది. తోటలో కొబ్బరి ఆకులు, అరటి దొప్పలు అక్కడే కుళ్ళిపోతాయి. అయితే పళ్ళెం దాటి రెండడుగులు పోతే తోట మట్టి కూడా మెరక వరిమట్టి లాగే పేదగా ఉంది. అంటే తోట గుణం అనుకున్నది చాలామటుకు ఎరువు, ఆకు పడినచోటి గుణం.

మెరక మీద అన్నిటికన్నా బాధపెట్టేది మట్టి అమ్మకం. కాలువ నీరు ఎక్కడం లేదని చేను అడుగు లోతు తవ్వించి, ఆ మట్టి ఇటుక బట్టీలకి ఇవ్వడం డెల్టాలో మామూలైపోయింది. లెక్క చూడండి. ఎకరం నుంచి 30 సెంటీమీటర్లు తీస్తే 1,200 ఘనమీటర్ల పైన, సుమారు 1,700 టన్నుల మట్టి. కర్బనం 0.6 శాతమే అనుకున్నా పది టన్నుల కర్బనం, దానితో పాటు ఇంచుమించు టన్ను నత్రజని వెళ్ళిపోయింది. పశువుల ఎరువులో నత్రజని అరశాతం. ఎకరానికి ఏటా ఐదు టన్నులు తోలితే వచ్చేది 25 కిలోలు. పోయినది పూడాలంటే, పంట ఏమీ తీసుకోకపోయినా నలభై ఏళ్ళు. అలాంటి చేలో మొదటి రెండు పంటల్లో జింకు, భాస్వరం లోపాలు ఒకేసారి బయటపడతాయి. తవ్వక తప్పదనుకుంటే పై 15 సెంటీమీటర్లు విడిగా తీసి ఒక పక్క కుప్పపెట్టి, కిందిమట్టి తీశాక మళ్ళీ పరచాలి. దీనికి ట్రాక్టరు కూలి అదనం అవుతుంది, అయినా చేను మిగులుతుంది.

పల్లంలో అంకెలు బాగుంటాయి: కర్బనం మధ్యస్తం నుంచి ఎక్కువ, పొటాష్ ఎక్కువ. నీరు నిలిస్తే గాలి ఆడక సేంద్రియం నెమ్మదిగా కుళ్ళుతుంది, నిలవ ఉంటుంది. కానీ కార్డు మీద సారం అంతా పంటకి అందుతుందనుకోకూడదు. ఆ మట్టిని ఆరబెట్టి పరీక్షించారు. పంట మాత్రం మునిగిన మట్టిలో బతుకుతుంది.

జూలై–సెప్టెంబరు: నీళ్ళు నిలిచాక

ప్రతి మెట్టు మీదా ఒక గొట్టం పాతాం. రెండంగుళాల పీవీసీ పైపు 2 మీటర్లు, కింది మీటరు అంతా సన్న బెజ్జాలు, చుట్టూ నైలాన్ దోమతెర, అడుగున మూత. చేతి ఆగర్‌తో (మట్టి తొలిచే బర్మాతో) మీటరున్నర తవ్వి దింపి, చుట్టూ ఇసుక పోసి, పైన 20 సెంటీమీటర్లు బంకమట్టితో బిగించాలి. ఆ బిగింపు లేకపోతే చేలో నీరు పైపు పక్కనుంచే దిగిపోయి, కొలిచింది భూగర్భజలం కాదు, మడిలో నీరవుతుంది. వారానికోసారి లోతు, ఆ నీటి ఈసీ రాయాలి.

నాట్లయిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య పల్లంలో ఆకుల మీద తుప్పు మచ్చలు కనపడితే జింకు లోపం. మునిగిన క్షారనేలలో జింకు వేరుకి అందదు. దుక్కిలో ఎకరాకి 20 కిలోల జింకు సల్ఫేటు వేయాలి, భాస్వరం ఎరువుతో కలపకుండా. పైరు మీద అయితే లీటరుకి 2 గ్రాములు, వారం తేడాతో రెండు మూడు సార్లు.

యూరియా పల్లపు నీటిలో చల్లితే కొంత అమ్మోనియాగా గాలిలో పోతుంది. ఆరీ తడిసీ ఉండే నడిమి చేలలో నైట్రేటుగా మారి, మళ్ళీ మునగ్గానే వాయువుగా పోతుంది. నీరు తీసి బురద మీద చల్లి, ఒకటి రెండు రోజుల తర్వాత పలచగా నీరు పెట్టాలి. మురుగు కాలువ పూడిన ఊళ్ళో నీరు తీయడమే కుదరదు. 2022 సార్వాకి కోనసీమలో కొన్నిచోట్ల రైతులు పంట విరామం (ఆ కారుకి సాగు మానడం) అన్నప్పుడు చెప్పిన కారణాల్లో మురుగు పారకపోవడం ఒకటి. నేల సారం గురించి మాట్లాడుతూ మురుగు కాలువ ఊసెత్తకపోతే ఆ మాట సగమే.

పచ్చిరొట్టగా జీలుగ కలియదున్నిన పల్లంలో, పదిహేను రోజుల్లో నాట్లు పడ్డాక, పిలక పీకి చూస్తే వేళ్ళు నల్లగా ఉండి కుళ్ళుగుడ్డు వాసన వస్తే సల్ఫైడు దెబ్బ. సన్న నెర్రెలు వచ్చేదాకా చేను ఆరగట్టాలి. అయితే గొట్టంలో నీరు ఉప్పగా ఉన్న తీరపు చేలో ఇదే వైద్యం చేస్తే అడుగు ఉప్పు పైకి ఎగబాకుతుంది. అక్కడ నీరు పూర్తిగా తీయకుండా, పాతనీరు వదిలి కొత్త కాలువ నీరు పెడుతూ మార్చాలి. ఒకే లక్షణానికి రెండు మెట్ల మీద రెండు మందులు.

పచ్చిరొట్టలోనూ అంతే. మెరకకి జనుము. పల్లానికి, ఉప్పుకి జీలుగ, ఎకరాకి పది పన్నెండు కిలోల విత్తనం, పూత మొదలవుతుండగా దున్నాలి. జనుము నీరు నిలిస్తే చచ్చిపోతుంది.

డిసెంబరు–జనవరి: వరి తర్వాత మినుము

మునిగి ఉన్నప్పుడు ఇనుముతో పాటు కరిగి వరికి బాగా అందిన భాస్వరాన్ని, చేను ఆరగానే కొత్తగా ఏర్పడిన ఇనుప ఆక్సైడులు పట్టేసుకుంటాయి. అందుకే వరికి భాస్వరం చాలిన చేలోనే మినుము మొదట్లో గిడసబారుతుంది. కార్డు మీద భాస్వరం మధ్యస్తం అని ఉంటే సరిపోతుందనుకోకూడదు. వరిమాగాణి మినుముకి దుక్కి లేదు, ఎరువు అడుగున వేసే దారి లేదు. కాబట్టి భాస్వరం సంగతి వరి దమ్ములోనే చూసుకోవాలి. నడిమి చేలలో ఈ తేడా బాగా కనపడింది. పల్లంలో చెమ్మ ఎక్కువై మినుముకి వేరుకుళ్ళే ముందు సమస్య.

చెరువు కింద పోయిన నేల

చెరువు పక్క వరిచేలో ఉప్పు, కట్ట మొదట్లో ఎక్కువగా ఉండి దూరంతో తగ్గుతుంది. ఎంత దూరం అన్నది చెరువు నీటిమట్టానికీ చేనుకీ ఉన్న ఎత్తు తేడా మీద, మధ్యలో ఊట కాలువ ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. చెరువు అడుగు కన్నా లోతుగా, మురుగులోకి దిగేలా ఊట కాలువ తవ్వితేనే లాభం. పైపైన గాడి తీస్తే ఊట దాని కిందనుంచి వస్తుంది. పోటు సమయంలో సముద్రపు నీరు మురుగు కాలువలోకి ఎదురెక్కే చోట్ల, శంకరగుప్తం డ్రైను పక్క కొబ్బరి లాగ, చెరువు లేకపోయినా ఇదే గతి. అక్కడ పోటుకీ పాటుకీ విడివిడిగా మురుగునీటి ఈసీ రాయాలి.

చెరువు మాని మళ్ళీ వరికి మారదలిస్తే ముందు పీహెచ్ చూడండి. 8.5 లోపు ఉండి ఈసీ మాత్రమే ఎక్కువైతే అది పాలచౌడు. జిప్సం అక్కర్లేదు, మంచినీటితో కడగడమే. 30 సెంటీమీటర్ల మట్టిలోంచి 30 సెంటీమీటర్ల నీరు కిందికి దిగిపోతే సుమారు 80 శాతం ఉప్పు పోతుంది. ఎకరానికి అది 12 లక్షల లీటర్లు, ఆవిరయ్యేది అదనం. నీరు దిగాలి, పక్కకి పారడం కాదు. బంకనేలలో ఒకేసారి నిలబెట్టేకన్నా పెట్టి, ఇంకనిచ్చి, మళ్ళీ పెడితే తక్కువ నీటితో అవుతుంది. పీహెచ్ 8.5 దాటి, మట్టి తడిస్తే జారుడుగా, నీరు ఇంకకుండా ఉంటే కారుచౌడు. అప్పుడు జిప్సం. వంద గ్రాముల మట్టిలో తొలగించాల్సిన ఒక్కో మిల్లీ ఈక్వివలెంట్ (ప్రయోగశాల వాడే కొలత) సోడియంకి, 15 సెంటీమీటర్ల లోతుకి, హెక్టారుకి సుమారు 1.9 టన్నుల శుద్ధ జిప్సం పడుతుంది. బస్తా మీద శుద్ధత 70 శాతం అని ఉంటే ఆ మేరకి పెంచాలి. జిప్సం వేసి కడగకుండా వదిలేస్తే సోడియం అక్కడే ఉంటుంది.

వచ్చే సార్వాకి మెట్టువారీ మోతాదు

సిఫారసు మోతాదుని పరీక్షలో తక్కువ వస్తే 30 శాతం పెంచడం, ఎక్కువ వస్తే 30 శాతం తగ్గించడం మన దగ్గర వాడుకలో ఉన్న పద్ధతి. దాన్ని ఊరికి కాక మెట్టుకి వర్తింపజేస్తున్నాం. మెరక వరికి నత్రజని మూడు కాదు, నాలుగు దఫాలు. పొటాష్ సగం దుక్కిలో, సగం వెన్ను అంకురించే దశలో. పల్లానికి పొటాష్ తగ్గించి, ఆ డబ్బు జింకుకి. నత్రజని తగ్గించడం మాత్రం కార్డు చూసి కాక ఆకురంగు పట్టీ (ఆకు పచ్చదనం పోల్చి చూసే రంగుల పట్టీ) చూసి. కొబ్బరికి చెట్టుకి ఏడాదికి 1.1 కిలోల యూరియా, 2 కిలోల సూపర్ ఫాస్ఫేటు, 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ రెండు దఫాలుగా. గరప మెరకలో పొటాష్‌ని మూడు దఫాలు చేసి చూస్తున్నాం. తీరపు ఇసుకలో ఎరువుతో పాటు పళ్ళెంలో కొబ్బరిపీచు, డొక్కలు పూడ్చకపోతే వేసింది వేసినట్టు కిందికి దిగిపోతుంది.

గొట్టాలు, రాతి గుర్తు అలాగే ఉంచాం. కర్బనం ఒక్క ఏడాదిలో కదలదు, మూడేళ్ళకోసారి, అదే నెలలో, అదే గుంటలకి రెండు మీటర్ల దూరంలో తీస్తే చాలు. ఈసీ మాత్రం ఏటా మేలో, నీరు వదిలేముందు.